పచ్చిక సాపు చేసిన వైనం

ఆ రోజు వరహాలబాబు మేస్టారు వేసుకున్న ఏర్పాటులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే స్కూటరు మీద సికింద్రాబాదు కార్ఖానా పేటలోని కాలేజీకి వెళ్ళాలి. తనిఖీకి వచ్చే జ్ఞానమణి మేడాన్ని కాఫీతోనూ వినయంతోనూ కాసేపు ఆపాలి. ఈలోగా పిల్లలు యాప్రాల్‌లో తాము పెంచిన పచ్చికకు చివరి మెరుగు దిద్దుతారు. అప్పుడు మేడాన్ని జీపెక్కించి తీసుకెళ్ళి చూపించాలి. ఆవిడ చూడాలి, తల ఊపాలి, సంతకం పెట్టాలి. తర్వాత అందరూ భోజనాలకు లేవాలి. ఇంతకన్నా తిన్నని ఏర్పాటు పెళ్ళిచూపులకు కూడా ఉండదు.

ఆ సంతకం మీదే ఆయన ఉద్యోగం ఆధారపడి ఉంది. సికింద్రాబాదు కుర్రకారంతా జావా నేర్చుకుంటున్న రోజులవి. ఎక్కడ గోడ ఉంటే అక్కడ కంప్యూటరు కోర్సు బోర్డు. ఒక మంగలి షాపువాడు కూడా కత్తెర పక్కన కీబోర్డు పెట్టుకున్నాడనీ, క్షవరానికి వెళ్ళినవాడొకడు గుండుతోపాటు సర్టిఫికెట్టు కూడా పట్టుకొచ్చాడనీ చెప్పుకునేవారు. అలాంటి కాలంలో ఆ కాలేజీలో ఉద్యానవన డిప్లొమా చదివేవాళ్ళంతా కాస్త సర్దుకుంటే ఒక్క ఆటోలో పట్టేవారు.

ప్రిన్సిపాలు శేషారత్నంగారికి ఆ డిప్లొమా అంటే గిట్టేది కాదు. నర్సరీ షెడ్డు పడగొట్టి అక్కడ కంప్యూటర్ ల్యాబు కట్టాలని ఆవిడ కోరిక. మొక్కకు ఎన్ని నీళ్ళు పోసినా పెరుగుతుందే గాని ఫీజు కట్టదని మీటింగుల్లో అనేవారు. ఈసారి తనిఖీలో ‘విద్యార్థులు తమ చేతులతో పని నేర్చుకుంటున్నారు’ అన్న మాట పడితేనే కోర్సు ఉంటుంది. పడకపోతే కోర్సు పోతుంది. తుని నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి తాత్కాలికంగానే నెట్టుకొస్తున్న వరహాలబాబు కూడా దానితోపాటే పోతారు.

చేతులతో నేర్పడానికి కాలేజీలో జాగా లేదు. ఉన్న కాస్త జాగాలో స్కూటర్లు పండేవి. అందుకని మేస్టారు యాప్రాల్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న సుబ్బరాజుగారిని బతిమాలుకున్నారు. ఇంటి ముందు మంచి వెడల్పైన ఖాళీ. పిల్లలే తవ్వారు, పిల్లలే పశువుల ఎరువు కలిపారు, పిలక పక్కన పిలక నాటి, నీళ్ళు పట్టి, కలుపు ఏరి, ఆ జాగాకు ఆకుపచ్చ దుప్పటి కప్పారు. అక్కడక్కడ కాస్త మిట్ట, కాస్త పల్లం మిగిలాయి. పచ్చికకు ఉన్న లోపమల్లా అంతే. కొంప ముంచింది కూడా అదే.

తనిఖీనాటి ఉదయం కార్ఖానా బస్టాపులో పిల్లలు నిలబడి ఉంటే మేస్టారు స్కూటరు ఆపారు, ఇంజను ఆపలేదు. పిల్లలకు పెద్ద తలకాయ కిషన్. మేడ్చల్ అవతల పల్లె నుంచి వచ్చినవాడు. చెప్పిన పని కన్నా రెండాకులు ఎక్కువ చేసే రకం.

“నేను కాలేజీకెళ్తన్నాను. మీరు తిన్నగా యాప్రాల్ పోండి. పచ్చికంతా సాపు చేసీండి. నేనొచ్చీసరికి అద్దంలాగుండాల” అన్నారు మేస్టారు.

“మొత్తమా సార్?”

“మొత్తం. మూలమూలా చూసుకో. మన పరువు నీ చేతుల్లో పెడతన్నాను.”

స్కూటరు వెళ్ళిపోయింది. మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడా మాట సంగతి. తుని వైపు సాపు అంటే చదును. ఎగుడుదిగుడు లేకుండా నున్నగా చేస్తే సాపు చేసినట్టు. ఇటు మేడ్చల్ దిక్కున సాపు అంటే శుభ్రం. గిన్నె సాపు చేస్తారు, మురుగు మోరీ సాపు చేస్తారు. దావత్‌లో బిర్యానీ డేగిసా సాపు అయిందంటే అందులో మెతుకు కూడా మిగల్లేదని అర్థం. ఒకటే మాట, ఒకటే పలుకు. రెండూళ్ళలో ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లాంటిదది. ఒకడికి రాసిన ఉత్తరం ఇంకొకడికి చేరినా పోస్టుమేన్ తప్పేం లేదు.

ఈ తేడా చెప్పగలిగిన పిల్ల ఆ తరగతిలో ఒక్కతే ఉంది, లోవలక్ష్మి. ఆమెది కూడా తుని వైపే. ఆమెను మేస్టారు ముందురోజే బంతి కుండీలు తెమ్మని కాప్రా నర్సరీకి పురమాయించారు. కాబట్టి ఆ ఉదయం యాప్రాల్ బస్సెక్కినవాళ్ళంతా సాపు అంటే ఏమిటో బాగా తెలిసినవాళ్ళే.

సుబ్బరాజుగారి గేటు ముందు నిలబడి పచ్చికను చూసేసరికి కల్పలతకు చెయ్యి రాలేదు. ఆమె కాప్రా పిల్ల. ఆ గడ్డికి పండగలు కూడా మానుకుని నీళ్ళు పట్టింది.

“ఏందీ కిషన్, గింత మంచిగ పెరిగింది గదా. ఎందుకు తీసుడు?”

“మేడం ముంగట మొదటి నుంచి చేసి సూపియ్యాలె. ప్రాక్టికల్ అంటే గదే. సార్ దిమాగు నీకు సమజ్ కాదు తియ్” అన్నాడు కిషన్, పార చేతికి తీసుకుంటూ.

పని షురూ అయింది. పారలు, పలుగులు, కొడవళ్ళు, ఏవీ లేనివాళ్ళు గోళ్ళు. నెలల తరబడి పట్టిన వేరు ఊరికే రాదు కదా. గంట తిరక్కుండానే అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. పీకిన గడ్డిని పీకినట్టే గేటు బయట కుప్ప పోశారు. కుప్ప మనిషెత్తు లేచింది.

ఆ చప్పుడుకు సుబ్బరాజుగారి భార్య రాజులమ్మ వరండాలోకి వచ్చింది. సుబ్బరాజుగారు ఇంట్లో లేరు, పొద్దుటి నడకకు వెళ్ళారు. ఆయన నడక తక్కువ, దారిలో కనబడినవాళ్ళకు తన పచ్చిక గురించి చెప్పడం ఎక్కువ. అందుకని ఆలస్యంగా వస్తారు. రాజులమ్మ కాసేపు చూసి, ఇదేటి బాబూ అని అడిగింది. గడ్డి మొత్తం తీయాలె, సార్ హుకుం అని కిషన్ చెప్పాడు. మేస్టారే చెప్పారంటే ఏదో మర్మం ఉండి ఉంటుందని ఆమె వరండా స్తంభానికి ఆనుకుని ఆలోచించింది. ఆలోచించగా దొరికింది కూడా.

“గుండు చేయించడమన్నమాట. మా పెద్దోడికీ అంతే, పుట్టెంట్రుకలు తీయించేకే జుట్టు ఒత్తుగా వచ్చింది. తియ్యండి బాబూ, తియ్యండి. ఆ మూల కూడా వదిలీకండి” అని లోపలికి వెళ్ళి అందరికీ మజ్జిగ తెచ్చింది.

మజ్జిగ తాగిన ఊపులో వదిలేసిన మూల కూడా పోయింది.

అదే సమయానికి కార్ఖానాలో మేస్టారికి స్థిమితం లేదు. పిల్లలేం చేస్తున్నారో కనుక్కోవాలి. ప్రిన్సిపాలు గదిలోని ఫోనుకు తాళం వేసి ఉండేది, ఆ తాళంచెవి శేషారత్నంగారి కొంగు ముడిలో ఉండేది. ఆవిడ తాళం తీసి, ఆయన పక్కనే నిలబడి, ప్రతి మాటకూ బిల్లు పడుతున్నట్టు ఆయన నోటివంక చూడసాగారు. మనసారా మాట్లాడే వీల్లేదు. యాప్రాల్‌లో రాజులమ్మ ఫోనెత్తి కిషన్‌ను పిలిచింది.

“సాపు అయిందా?” అన్నారు మేస్టారు.

“మొత్తం సాపు అయింది సార్. జెరంత సుత మిగల్లే.”

రవ్వంత మిట్ట కూడా మిగల్లేదని మేస్టారు అర్థం చేసుకున్నారు. ఆయన గుండె నిండింది.

“శభాష్. ఇంక దానిమీద రోలరు తిప్పీండి.”

“రోలర్ ఏడున్నది సార్?”

“గేటు బయట, వీధిలోనే పెట్టించేనయ్యా. చూస్తే కనిపిస్తాది.”

శేషారత్నంగారు తాళంచెవి గలగలలాడించారు. మేస్టారు ఫోను పెట్టేశారు.

ఆయన చెప్పిన రోలరు కాలేజీవారి చేతి రోలరు. మోకాలెత్తు ఇనుప పీపాకు ఒక పిడి, ఒక మనిషి లాగితే కదిలేది. ముందురోజు సాయంత్రం గేటు పక్కన దింపించారు. ఇప్పుడది పిల్లలు పోసిన గడ్డి కుప్ప అడుగున ఉంది. కిషన్ వీధిలోకి వచ్చి చూశాడు. మేస్టారు చెప్పింది నిజమే. చూస్తే కనిపించింది. కాలనీ రోడ్డు వేయడానికి తెచ్చిన రోడ్డు రోలరు, ఏనుగంతది, పసుప్పచ్చగా నిలబడి ఉంది.

సార్ ఎంత పెద్దమనిషి అని కిషన్ అనుకున్నాడు. మన లాంటోళ్ళ కోసం సర్కారు రోలరు పెట్టించిండు అని కల్పలతతో అన్నాడు కూడా. దాని నీడలో డ్రైవరు తుకారాం తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాడు. తారు రాక, పని లేక, పడుకుని పడుకుని అతనికి నిద్ర మీదే విసుగు పుట్టింది. కిషన్ లేపి సంగతి చెబితే ఎవరు, ఎందుకు, ఎవరి హుకుం అని అడగలేదు.

“మీ సార్ ఎవరో నాకెరుక లేదు గాని బిడ్డా, బండి సుత నాలెక్క పండి పండి జంగు పట్టి తుప్పు రాలుతున్నది. నడువు, ఎటు?”

గేటు చాల్లేదు. రెక్కలు ఊడదీశారు. అయినా చాల్లేదు. తుకారాం అంగుళం అంగుళం లెక్కన లోపలికి తెస్తుంటే కుడి స్తంభం ఎందుకొచ్చిన గొడవ అన్నట్టు వినయంగా పక్కకు ఒరిగి దారి ఇచ్చింది. రాజులమ్మ మాత్రం గుండు గీశాక గంధం రాయరూ, ఇదీ అలాంటిదేనని వరండాలో కుర్చీ వేసుకుంది.

మొదటి చుట్టుకు నేల పలక అయింది. రెండో చుట్టుకు అద్దమైంది. ఒక కాకి వాలబోయి, కాలు జారి, చుట్టూ ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి ఎగిరిపోయింది. అద్దంలా ఉండాలని సార్ చెప్పిన మాట ఇప్పటికి తనకు పూర్తిగా అర్థమైందని కిషన్ పొంగిపోయాడు. మూడో చుట్టుకు నేల కింద ఏదో టప్పున పగిలింది. బోరు నుంచి ట్యాంకుకు పోయే పైపు అది. రోలరు ముందునుంచి నీటిస్తంభం లేచి మేడదాకా పోయింది. మేడమీద ఆరబెట్టిన అప్పడాలు మళ్ళీ పిండి అయ్యాయి. తుకారాం కంగారులో బండి వెనక్కి తిప్పాడు. తడిసిన నేల మెత్తబడింది. రోలరు ఒకసారి మూలిగి, జాగా సరిగ్గా మధ్యలో, ఇరుసుదాకా కూర్చుంది.

తుకారాం దిగి చుట్టూ తిరిగి చూశాడు. నేల ఆరితే అదే లేస్తుందని తీర్మానించి, వరండా మెట్టు మీద కూర్చుని తనకూ కాస్త మజ్జిగ అడిగాడు.

అప్పుడొచ్చింది లోవలక్ష్మి, ఆటోనిండా బంతి కుండీలతో. దిగి, ఒరిగిన స్తంభాన్ని చూసింది. ఎగసే నీటిని, రోలరును చూసింది. చివరికి అందరి మొహాలూ చూసింది.

“పచ్చికేదీ?”

“సాపు చేసినం. సార్ చేయమన్నడు” అన్నాడు కిషన్. అప్పటికి అతని గొంతులో పొద్దుటి జోరు లేదు.

లోవలక్ష్మి కుండీని నెమ్మదిగా కింద పెట్టింది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తేలలేదు. 

“సాపు చెయ్యమంటే చదును చెయ్యమని. మిట్టలు కొట్టి పల్లాలు కప్పీడం. మా నాన్నమ్మ పేడ అలికినా అదే అంటాది, సాపుగా అలకవే అని.”

 కల్పలత కిషన్ వైపు తిరిగింది.

“సార్ దిమాగు నీకు సమజ్ అయింది గదా. జెర మాక్కూడ చెప్పు.”

కిషన్ చేతిలోని పార కింద పడేశాడు. పోయేది గడ్డి ఒక్కటే అయితే బాధ లేదు. మేస్టారి ఉద్యోగం, తమ డిప్లొమా, అన్నీ తన చెవి చేసిన పనికి కొట్టుకుపోతున్నాయి. అతను బురదలోంచి పరుగెత్తి గేటు బయటి గడ్డిని చంకల నిండా ఎత్తుకొచ్చాడు. అందరూ వెంటపడ్డారు. వీధి గేదెలు రెండు అప్పటికే కుప్పలో సగం సాపు చేశాయి. ఏ ఊరి అర్థంలో అని అడగనవసరం లేదు. మిగిలింది ఎత్తేసరికి అడుగున చేతి రోలరు కనబడింది. 

పలకలాంటి నేలలో పిలక దిగదు. బురదలో దిగుతుంది గాని నిలవదు. అయినా నాటారు. తొందరలో కొన్ని పిలకలు వేళ్ళు పైకి, ఆకులు కిందికి నాటుకున్నాయి. రోలరును దాచే దారి లేక దాని చుట్టూ బంతి కుండీలు పేర్చారు. దాంతో అది ఆయుధపూజనాటి లారీలా వెలిగిపోయి, అంతకుముందు కనబడని దూరానికి కూడా కనబడసాగింది.

జీపు అప్పటికే బయల్దేరింది. జ్ఞానమణి మేడం ముందు సీటులో గొడుగు నిలబెట్టుకుని కూర్చున్నారు. ఉద్యానశాఖలో తల నెరసిన మనిషి, ఊరికే నవ్వరు. పైగా ఆ పొద్దున ఇంకో కాలేజీలో పచ్చిక చూసి వచ్చారు. చాలా అందమైన పచ్చికట. మేడం గొడుగు కొనతో మూల ఎత్తితే చాపలా చుట్టుకుంటూ లేచొచ్చింది, అడుగున సిమెంటు. రాత్రికి రాత్రి కాంట్రాక్టరు పరిచి వెళ్ళాడు. ఆ కాలేజీ ఉద్యాన కోర్సుకు అక్కడికక్కడే మంగళం పాడారు. ఇదంతా ఆవిడే చెప్పారు. మాది అలాంటిది కాదండీ, పిలక పిలకా పిల్లలే నాటారు అని వరహాలబాబు విన్నవించుకున్నారు. అందరూ అదే అంటారని ఆవిడ కిటికీలోంచి బయటకు చూశారు. వెనక సీటులో శేషారత్నంగారు మనసులో ఏ మూల ఎన్ని కంప్యూటర్లు పడతాయో సర్దుకుంటున్నారు.

జీపు ఆగింది. వరహాలబాబు దిగి, చూసి, వేరే వీధికి వచ్చామనుకుని మళ్ళీ జీపెక్కబోయారు. వరండాలోంచి రాజులమ్మ రండి మేస్టారూ అని పిలవడంతో ఆ ఆశ కూడా పోయింది.

శేషారత్నంగారి మొహం ముందు వెలిగింది, ఆ వెంటనే ఆరింది. కోర్సు పోతే పోవచ్చు గాని, రోలరు కూరుకుపోయిన ఈ మడుగుకు తన కాలేజీ పేరు తగులుకుంటే బాగుండదు. ఆవిడ మేడం పక్కకు చేరారు.

“ఇది మా పిల్లల పని కాదండీ. ఎవరో కాంట్రాక్టరుకు అప్పజెప్పి ఉంటారు. నేను విచారిస్తాను.”

జ్ఞానమణి మేడం వరహాలబాబు వైపు చూశారు. ఆయన రోలరు వైపు చూశారు. తను ఏ మాట అంటే ఇలా అయిందో ఆయనకు ఇంకా తెలియదు. మేడం కలం మూత తీశారు. కాంట్రాక్టరు అన్న మాట ఆ పొద్దున ఒక కోర్సును తినేసింది, రెండోదాన్ని తినడానికి క్షణం పట్టదు. కాదనకుండా ఊరుకుంటే కిషన్ మీదికి ఏ తప్పూ రాదు. ఎవరో కాంట్రాక్టరు చేశాడు, పిల్లలేం చేస్తారు.

కిషన్ మోకాలిలోతు బురదలోంచి నడిచి ముందుకు వచ్చాడు.

“కాదు మేడం, మేమే చేసినం. గడ్డి మేమే పీకినం, రోలర్ మేమే పిలిచినం, పైపు సుత మేమే పలగ్గొట్టినం. సార్ సాపు చేయమన్నడు. నాకు ఉల్టా సమజ్ అయింది. సార్ది ఏం తప్పు లేదు.”

“చేతులు చూపించు” అన్నారు మేడం.

కిషన్ చూపించాడు. కల్పలత కూడా చూపించింది. ఒకరి వెనక ఒకరు అందరూ చాచారు. చిట్లిన బొబ్బలు, గోళ్ళనిండా మట్టి. తనవీ చూస్తారేమోనని తుకారాం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.  మేడం గొడుగు కొనతో నేలను పొడిస్తే గొడుగు ఎగిరిపడింది. తలకిందులుగా నాటిన పిలక ఒకటి పీకి, దాని వేళ్ళను ఎండకు పట్టి చూశారు. నీటిస్తంభం కింద నిలబడి పైకి చూసి, తడిసిన కళ్ళజోడు తుడుచుకున్నారు. అప్పుడు వెనక్కి తిరిగారు.

“శేషారత్నంగారూ, నేను చాలామంది కాంట్రాక్టర్ల పని చూశాను. ఏ కాంట్రాక్టరుకూ ఒక్క పూటలో ఇంత చెడగొట్టడం చేతకాదు. ఇది నేర్చుకునేవాళ్ళ పనే. అనుమానం లేదు.”

జీపు బానెట్టు మీదే రాసేశారు. విద్యార్థులు తమ చేతులతోనే పని చేస్తున్నారు. పనిముట్ల వాడకంలో ఉత్సాహం అవసరానికి కాస్త మించి ఉంది. నీటి వసతి సమృద్ధి. కోర్సు కొనసాగించవచ్చును. వరహాలబాబు ఆ ఆఖరి మాట చదివి రోలరు చక్రాన్ని పట్టుకుని నిలబడ్డారు. పట్టుకోవడానికి అక్కడ గట్టిగా నిలిచింది అదొక్కటే.

అయితే మేడం ఒక షరతు పెట్టారు. ఈ పిల్లలు ఇదే చోట మళ్ళీ మొదటినుంచీ చేయాలి. వీళ్ళ తర్వాత వచ్చేవాళ్ళు కూడా వట్టి నేల నుంచే మొదలుపెట్టాలి, తయారైన దాన్ని చూసి ఎవడూ ఏదీ నేర్చుకోడు. ఇంటివారికి అభ్యంతరం లేదు కదా అని అడిగారు. రాజులమ్మకు ఎందుకుంటుంది?

“దానికేటండీ, పిల్లలు. ఏటేటా వచ్చి తీసుకోమనండి. తీసినకొద్దీ ఒత్తుగా వస్తాది.”

సుబ్బరాజుగారు సరిగ్గా అప్పుడే వీధి మలుపు తిరిగారు, తన పచ్చిక చూపిద్దామని నడక స్నేహితులు నలుగురిని వెంటబెట్టుకుని. జ్ఞానమణి మేడం ఎదురెళ్ళి, సొంత వాకిలిని చదువుకు ఇచ్చేసిన దాతను ఇంతవరకు చూడలేదని చేతులు జోడించారు. స్నేహితులు చప్పట్లు కొట్టారు. దాత కూడా చేతులు జోడించారు, ఎవరికో ఆయనకే తెలియదు.

ఆ తర్వాత వరహాలబాబు ఉద్యోగం ఖాయమైంది. శేషారత్నంగారు కంప్యూటర్ ల్యాబును డాబా మీద కట్టించుకున్నారు. కిషన్ ఇప్పుడు పెద్ద పెద్ద సాఫ్ట్‌వేరు కంపెనీల ఆవరణల్లో తోటలు వేయిస్తాడు, పని మొదలుపెట్టే ముందు మాటను మూడు యాసల్లో అడిగి తెలుసుకుంటాడు. సుబ్బరాజుగారిని ఎవరైనా మీ ఇంటిముందు పచ్చిక ఉందా అని అడిగితే, వేసవి సెలవుల్లో ఉంటుందని చెబుతారు.